ఎర్రదారం కట్టిన ట్యూబు

ఇలా దగ్గరికి జరగండి. కిటికీ పక్కన కూర్చున్న నువ్వు కూడా రా, అక్కడ గాలి హోరుకి సగం మాటలు కొట్టుకుపోతాయి. ఈ కథలో రాజులూ యుద్ధాలూ లేవు. ఒక నీళ్ళ తొట్టి ఉంది, దాని ముందు నిలబడ్డ ఒక ఆడమనిషి ఉంది. కంటికి ఆనని కణం ఒకటి రెండుగా ఎలా విడిపోతుందన్న తగువు ఉంది. అంత పెద్ద తగువు ఆ తొట్టి దగ్గరే తేలింది.

ఆవిడను అందరూ పిన్ని అనేవారు. నిజానికి ఆవిడ పిన్ని అయ్యేది ఒక్కరికే, చచ్చిపోయిన అక్క కూతురికి. అక్క పోయేనాటికి ఆ పిల్లకు ఏడేళ్ళు. పిన్ని తీసుకొచ్చి పెంచుకుంది. ఆవిడది పరిశోధనశాలలో గాజు సామాను కడిగే పని. పాతికేళ్ళుగా అదే తొట్టి, అదే కుళాయి. పెంచిన పిల్ల చదివి చదివి చివరికి అదే మేడలో రెండో అంతస్తులో పరిశోధనకు చేరింది. చేరిన రోజే మెట్ల మీది నుంచి "పిన్నీ!" అని కేకేసింది. ఇంకేముంది, వారం తిరిగేసరికి మేడంతటికీ ఆవిడ పిన్ని అయిపోయింది. తల నెరిసిన పెద్దసారు కూడా "పిన్నిగారూ" అనేవారు. ఆయన ఆవిడకన్నా పదేళ్ళు పెద్ద!

ఆ పిల్లకు ఇంట్లో పేరు మొండి. ఊరికే పెట్టింది కాదు. ఏడేళ్ళప్పుడు బూటు లేసు పీటముడి పడింది. కత్తిరిస్తానని పిన్ని కత్తెర తీస్తే బూటు కడుపు కింద దాచుకుంది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా గోళ్ళతో, పళ్ళతో, దువ్వెన పన్నుతో ఆ ముడి విప్పింది. బడి పోయింది, అన్నం చల్లారింది, ముడి మాత్రం వీడింది. "దీన్ని కట్టుకున్నవాడి పని అయినట్టే" అనుకుంది పిన్ని. ఆ మొండి పెళ్ళి మాట పక్కనబెట్టి కప్పగుడ్లను కట్టుకుంది, అది వేరే సంగతి.

పిన్ని మూడో తరగతితో బడి మానేసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలదు. కానీ గాజు విషయంలో ఆవిడ జ్ఞాపకం ముందు ఎవరూ నిలవలేరు. ఏ ట్యూబు అంచున వెంట్రుకంత నెర్రె ఉందో, ఏ సీసా మూతి వంకరో, ఎవరి ట్రేలో ఎన్నున్నాయో వేళ్ళతో తడిమి చెప్పేసేది. మేడలోని గాజంతా ఆవిడ చేతుల మీదుగా పోవలసిందే.

ఒక్కటి తప్ప. పెద్దసారుకు ఒక పాత అలవాటు ఉండేది, వాళ్ళ గురువుగారి దగ్గర నుంచి వచ్చింది. ప్రతి పరిశోధకుడికీ ఒక ట్యూబు మెడకు ఎర్రదారం కట్టి ఇచ్చేవారు. అది పోల్చుకునే ట్యూబు. పరీక్షలో పోసేవన్నీ అందులో పోస్తారు, పరీక్షించవలసిన అసలు పదార్థం మాత్రం పొయ్యరు. దాని రంగు మారకూడదు. మారితే ఎక్కడో తప్పు జరిగినట్టు. అందుకని ఆ ట్యూబు తొట్టిలోకి రాకూడదనీ, ఎవరిది వాళ్ళే శుద్ధమైన నీళ్ళతో తొలిచి ఆరబెట్టుకోవాలనీ సారు నియమం. పిన్ని పైకి ఏమీ అనేది కాదు. లోపల మాత్రం, "పాతికేళ్ళు కడిగాను, ఆ ఒక్కటీ నా చేతికి ఇవ్వడానికి చేతులు రావు వీళ్ళకి" అని చిన్న ముల్లు ఉండేది.

ఇక మొండి పట్టుకున్న తగువేమిటో చెబుతాను. ఒక సాయంత్రం పిన్ని మొండి కోటుకు గుండీ కుడుతుంటే ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఆ కోటునే చూపించి చెప్పింది.

"చూడు పిన్నీ, కణం రెండవ్వాలంటే లోపల వందల చోట్ల గుండీలు పెట్టాలి. ఆ గుండీ పేరు ఫాస్ఫేట్. పెట్టేవాడు కైనేజ్. తీసేవాడు ఇంకొకడు, ఫాస్ఫటేజ్."

"ఒకడు పెడుతుంటే ఇంకొకడు తీస్తాడా? ఇదేం సంసారమే?"

"అదే కదా నా ప్రశ్న! పెట్టేవాడిదే పెత్తనం, తీసేవాడు ఒక మూల కూర్చుని ఎప్పుడూ ఒకేలా తీస్తూ ఉంటాడని మా సారు అంటారు. నేనేమంటానంటే, పెట్టేవాడు ముందుగా మనిషిని పంపించి తీసేవాడి చేతులు కట్టించేస్తాడు. అప్పుడే గుండీలన్నీ ఒక్కసారిగా పడతాయి. కణం విడిపోతుంది. విడిపోయాక పెట్టేవాడు పోతాడు, తీసేవాడి కట్లు ఊడతాయి, గుండీలన్నీ విప్పి రెండు కణాలనీ ఎవరింటికి వాళ్ళని పంపిస్తాడు."

"విప్పకపోతే?"

"విడిపోవడం సగంలో ఆగిపోతుంది. వేళ కాకుండా విప్పినా అంతే."

పిన్ని దారం పంటితో తెంపింది. "అంటే తీసేవాడు కూడా పెట్టేవాడంత ముఖ్యమే అంటావు."

"అంతే పిన్నీ. నువ్వు మా సారుకన్నా తొందరగా ఒప్పుకున్నావు."

దాన్ని పరీక్షించడం ఇలాగ. కప్పగుడ్లను గిర్రున తిప్పి నలగ్గొట్టి రసం తీస్తారు. ఆ రసం వింత చూడండి, గుడ్డు పోయినా అది మాత్రం చిన్న గొట్టంలో నలభై నిమిషాలకోసారి విడిపోయే ఆట ఆడుతూనే ఉంటుంది. నాలుగేసి నిమిషాలకు ఒక చుక్క తీసి మంచులో పెట్టాలి. చుక్కలో ముందే ఉన్న ఫాస్ఫేట్‌ను వడకట్టి వదిలించి, దాన్ని గాజు ట్యూబులో పోసి, గుండీ పెట్టిన ప్రోటీన్ ముక్క ఒకటి వెయ్యాలి. తీసేవాడు మెలకువగా ఉంటే గుండీ ఊడి నీళ్ళలో పడుతుంది. అప్పుడు రంగు మందు వేస్తే ఆకుపచ్చ. తీసేవాడి చేతులు కట్టేసి ఉంటే పసుపు.

మొదటిసారి చేసినప్పుడు మధ్యలో మూడు ట్యూబులు పసుపుగా నిలిచాయి. ఆ రోజు మొండి ఇంటికి మెట్లెక్కి రాలేదు, ఎగిరి వచ్చింది. "కళ్ళారా చూశాను పిన్నీ!" అంటూ పిన్నిని పట్టుకుని వంటింట్లో రెండు చుట్లు తిప్పింది. పిన్నికి కళ్ళు తిరిగాయి, కడుపు నిండింది. ఈ పిల్లకు నేనేం చెయ్యగలనా అని ఆలోచించింది. చేతిలో ఉన్న విద్య ఒక్కటే కదా! పరిశోధనశాల డబ్బాలో వచ్చే సబ్బు నీళ్ళు పలచగా ఉంటాయి, నురగ రాదు, గాజుకు మెరుపు రాదు. ఇంట్లో బట్టలకు వాడే పొడి ఉంది, చొక్కా కాలరు మీది జిడ్డును కూడా పోగొడుతుంది. డబ్బాలోది తప్ప ఇంకేదీ వాడకూడదని నియమం ఉన్న మాట నిజమే. "ఒక్క నా పిల్ల ట్రేకే కదా" అనుకుంది. మర్నాటి నుంచి మొండి ట్యూబులు తళతళలాడాయి.

ఆ మర్నాటి నుంచే మొండి పరీక్ష చెడింది.

ఒకసారి కాదు, పదిహేనుసార్లు. ప్రతి ట్యూబూ పచ్చే. కాస్త అటూ ఇటూ, కానీ అన్నీ పచ్చే. ఎర్రదారం ట్యూబు మాత్రం బుద్ధిగా పసుపు. అది పసుపుగా ఉందంటే పరీక్షలో తప్పు లేదని అర్థం. అంటే తీసేవాడు ఎప్పుడూ మెలకువగానే ఉన్నాడు, సారు చెప్పిందే నిజం, మొదటిరోజు చూసింది పొరపాటు. నాలుగు నెలలు అలా గడిచాయి. మొండి నీళ్ళు మార్చింది, మందులు మార్చింది, కప్పల్ని మార్చింది. ముఖం పీక్కుపోయింది.

ఒక సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా చెప్పింది. "శుక్రవారం మా పరిశోధనల సంగతి తేల్చే పెద్దలు కూర్చుంటున్నారు పిన్నీ. ఈలోగా చూపించలేకపోతే ఈ విషయం వదిలేసి పొడుగాయన పనిలో చేరమన్నారు."

పొడుగాయనంటే పక్క బల్ల కుర్రాడే, మంచివాడే, తలుపు చట్రానికి తల కొట్టుకోని రోజు లేదు.

"నువ్వేమన్నావు?"

"గురువారం మళ్ళీ చేస్తానన్నాను. రెండు కప్పలున్నాయి."

"మళ్ళీ పచ్చ వస్తేనో?"

"వస్తే వదిలేస్తాను. కానీ పిన్నీ, నేను చూశాను. ఒక్కసారి చూశాను!" ఆ పిల్ల సంచీ కింద పడేసింది. "నీళ్ళు కాదు, మందు కాదు, కప్పలు కాదు. అన్నీ పచ్చే. ఎర్రదారంది ఒక్కటే పసుపు."

పిన్ని అప్పుడు బాల్చీలో చొక్కాలు నానబెడుతోంది. చేతులు నురగలో ఉండగానే ఆగిపోయాయి. ఎర్రదారంది ఒక్కటే పసుపు. ఎర్రదారంది ఒక్కటే నేను కడగనిది.

"ఆ ఊడిపడే గుండీ పేరేమన్నావే?"

"ఫాస్ఫేట్. ఎన్నిసార్లు చెప్పాను పిన్నీ నీకు!"

మొండి స్నానానికి వెళ్ళగానే పిన్ని తడి చేతులు చీరకు తుడుచుకుని పొడి పొట్లం వెలుతురులోకి తెచ్చింది. వెనకవైపు చీమలబారులా చిన్న అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుంది. మొదటి వరసలో లేదు. రెండో వరసలో లేదు. మూడో వరసలో ఏదో నోరు తిరగని మాట, దాని తోకకు తగులుకుని "ఫా... స్ఫే... ట్". ఇంకోసారి చదివింది. ఎన్నిసార్లు చదివినా అదే.

పొట్లం మడిచి దాచేసింది. ముందు ఖాయం చేసుకోవాలి అనుకుంది. ఊరికే ఇంకో ఆశ పెట్టి పిల్లను ఎత్తు నుంచి పడెయ్యకూడదు.

తెల్లవారి అందరికన్నా ముందు వెళ్ళింది. కప్పలకు మేత వెయ్యడానికి పొడుగాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. పిన్ని రెండు ట్యూబులు కడిగింది, ఒకటి పొడితో, ఒకటి డబ్బా సబ్బుతో. రెండిట్లో శుద్ధమైన నీళ్ళు పోసి అతని ముందు పెట్టింది.

"బాబూ, ఆ రంగు మందు రెండు చుక్కలు వీటిలో వెయ్యి."

"ఏంటి పిన్నీ, మీరు కూడా పరిశోధన మొదలెట్టారా? అయిపోయింది, ఇక మా అందరి ఉద్యోగాలూ ఊడినట్టే!"

"వెయ్యమన్నానా!"

నవ్వుతూనే వేశాడు. ఒకటి పసుపుగా ఉండిపోయింది. రెండోది చూస్తూ చూస్తూ ఉండగానే పచ్చబడింది. పొడుగాయన నవ్వు ఆగిపోయింది.

"ఇందులో ఏం వేశారు?"

"ఏమీ వెయ్యలేదు నాయనా. కడిగానంతే."

సంగతంతా చెప్పింది. అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకండి. కొత్త ట్యూబులు తెప్పిద్దాం, మీ అమ్మాయి పరీక్ష చేసుకుంటుంది, అయిపోతుంది. నియమం తప్పారని సారుకి తెలిస్తే మిమ్మల్ని ఉంచరు."

"అప్పుడు ఈ నాలుగు నెలల పచ్చా ఎవరి ఖాతాలో పడుతుంది? నా పిల్లకు చేతకాలేదనే కదా అందరూ అనుకునేది?" పిన్ని కొంగు బిగించింది. "చేసింది నేను. చెప్పేదీ నేనే."

మొండి వచ్చింది. రెండు ట్యూబులూ చూసింది. పిన్ని దాచకుండా అంతా చెప్పింది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు నన్ను వంటింట్లో తిప్పిన మర్నాటి నుంచి."

"ఎందుకు పిన్నీ?"

"నీవి మెరవాలని."

"నాలుగు నెలలు!" అంది ఆ పిల్ల. విసురుగా బయటికి వెళ్ళిపోయింది. పిన్ని తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. పిలవలేదు, వెంట వెళ్ళలేదు. పీటముడి పడ్డప్పుడు ఆ పిల్ల దగ్గరికి ఎవరూ పోకూడదని ఆవిడకు తెలుసు.

పది నిమిషాలకు మొండి తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. "నా ట్యూబులు ఎన్ని?"

"నూట అరవై."

"నీళ్ళతో పోతుందా?"

"గాజును పట్టుకుంటుందే అది. ఆసిడ్‌లో నానబెట్టాలి, ఆపైన పదిసార్లు తొలవాలి."

"పద. ముందు సారు దగ్గరికి."

పెద్దసారు గదిలో మొండి మొదలుపెట్టింది. "సార్, నా ట్యూబులు శుభ్రంగా లేవు. నేనే చూసుకోలేదు, నా పొరపాటు..."

"అబద్ధమండీ" అని పిన్ని అడ్డుపడింది. "దానికేం తెలియదు. నియమం తప్పింది నేను." పొట్లం బల్ల మీద పెట్టి మూడో వరస మీద వేలు ఉంచింది.

సారు చదివారు. కళ్ళద్దాలు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "మీకెలా తట్టింది?"

"ఎర్రదారం ట్యూబు నా చేతికి ఇవ్వరు కదండీ. అదొక్కటే బాగుందంటే, తప్పు నా చేతిలోనే ఉండాలి."

ఆయన పొట్లం తిప్పి ఇంకోసారి చూశారు. చివరికి, "నాలుగు నెలల లెక్కలన్నీ పక్కన పారెయ్యాలి. ట్యూబులు మురికి అయినంత మాత్రాన నువ్వు చెప్పింది నిజమైపోదమ్మా. గురువారం చూపించు. పచ్చ వస్తే శుక్రవారం నా మాట నిలబడుతుంది" అన్నారు. పిన్ని వైపు తిరిగి, "మీ సంగతి తర్వాత" అన్నారు.

మంగళ, బుధవారాలు ఆ తొట్టి దగ్గర జరిగింది చూసి తీరాలి. చేతులకు తొడుగులు వేసుకుని పిన్ని ఆసిడ్‌లోంచి ఒక్కొక్క ట్యూబే తీసేది, మొండి తొలిచేది. మాటల్లేవు, నీళ్ళ చప్పుడే. బుధవారం మధ్యాహ్నానికి అన్నీ అయ్యాయి. మొండి కళ్ళు మూసుకుని పది ట్యూబులు ఏరి రంగు మందు వేసి చూసింది. తొమ్మిది పసుపు. పదోది లేత పచ్చ.

"ఒక్కటే కదా, దాన్ని పక్కన పెట్టండి" అన్నాడు పొడుగాయన.

పిన్ని, మొండి ఒకేసారి అతని వైపు చూశారు. అతను నోరు మూసుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, తనూ తొడుగులు వేసుకున్నాడు. నూట అరవై మళ్ళీ మొదలు. సాయంత్రానికి ఇరవై ఏరి చూస్తే ఇరవై పసుపే. అప్పుడు మొండి మొదటిసారి నోరు విప్పింది. "నీ నడుం ఎలా ఉంది పిన్నీ?"

"ఉంది లే, ఎక్కడికీ పోలేదు."

గురువారం పొద్దున మొదటి కప్ప గుడ్లు పెట్టింది. రసం తీశారు. పొడుగాయన సూక్ష్మదర్శిని మీద వాలి కూర్చున్నాడు. రసంలో కొన్ని కేంద్రకాలు, అంటే కణం లోపలి గదులు, కలిపారు. విడిపోయే వేళ వచ్చినప్పుడు ఆ గది గోడ కరుగుతుంది, వేళ దాటాక మళ్ళీ కట్టుకుంటుంది. అది కనిపెట్టి చెప్పడం అతని పని. మొండి నాలుగేసి నిమిషాలకు చుక్క తీస్తోంది.

"ఇరవై రెండో నిమిషం. గోడ కరుగుతోంది!"

"రాయి."

"ముప్ఫై అయిదు. మళ్ళీ కట్టుకుంటోంది!"

అలా ఎనభై నిమిషాలకు ఇరవై చుక్కలు. మధ్యాహ్నానికి రంగు మందు పడింది. మొదటి అయిదూ పచ్చబడ్డాయి. ఆరు, ఏడు, ఎనిమిది పసుపుగా ఆగిపోయాయి. తొమ్మిది నుంచి మళ్ళీ పచ్చ. రెండో చుట్టులో పదహారు, పదిహేడు, పద్దెనిమిది పసుపు. కాగితం మీద పొడుగాయన రాసిన నిమిషాలు చూస్తే, గోడ లేని కాలమూ ఆ పసుపు కాలమూ ఒకటే.

సారు వచ్చి వంగి చూశారు. ఆరో ట్యూబును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టారు.

"పూర్తి పసుపు కాదు. కాస్త పచ్చ ఉంది."

"అవును సార్" అంది మొండి. "పూర్తిగా చేతులు కట్టేస్తాడని అనుకున్నాను. తప్పు. ఒకటి రెండు వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అదే రాస్తాను."

సారు తల ఊపారు. అయినా ముఖం విప్పలేదు. "ఇదొక్కటి చాలదు. నిజానికి మన దగ్గర ఇంకో తప్పుంది. అది నాది." ఎర్రదారం ట్యూబు చేతిలోకి తీసుకున్నారు. "పోల్చుకునే ట్యూబు మిగతావి వచ్చిన దారిలోనే రావాలి. దీన్ని వేరుగా ముద్దు చేసి పెట్టుకున్నాం, అందుకే మిగతావాటి జబ్బు మనకు చెప్పలేకపోయింది. మా గురువుగారు చేశారు కదా అని ముప్ఫై ఏళ్ళు నేనూ చేశాను." అని పిన్ని ముందుకు వచ్చారు. రెండు చేతులతో అందించారు. "పిన్నిగారూ, రెండో కప్ప ఉంది కదా. ఈసారి ఇది కూడా మీరే కడగండి."

పిన్ని దాన్ని పుచ్చుకుంది. పాతికేళ్ళలో మొదటిసారి. తొట్టి దగ్గరికి వెళ్ళి దారం విప్పి పక్కన పెట్టింది. డబ్బా సబ్బుతో, మిగతావాటిని ఎలా కడిగిందో అలాగే కడిగింది. ఒక్క తొలుపు ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. ఎక్కువ ప్రేమ చేసే పని ఏమిటో ఆవిడకు నాలుగు నెలలుగా అనుభవమే.

రెండో కప్ప గుడ్లు, మళ్ళీ ఇరవై చుక్కలు, మళ్ళీ రంగు మందు. పిన్ని ఈసారి తొట్టి దగ్గర ఉండలేకపోయింది, వచ్చి మొండి వెనక నిలబడింది. పచ్చ, పచ్చ, పచ్చ. ఆరు దగ్గర ఆగి పసుపు. పద్దెనిమిది దాటేదాకా పొద్దుటి వరసే. చివరన పిన్ని కడిగిన పోల్చుకునే ట్యూబు. అందరూ దానివైపే చూస్తున్నారు. ఒక నిమిషం. రెండు. అయిదు.

పసుపు. గుడ్డు సొనలా నిఖార్సయిన పసుపు.

అప్పుడు మొండి వెనక్కి తిరిగి పిన్నిని పట్టుకుంది. పిన్ని, "తిప్పకే తల్లీ, నడుం విరుగుతుంది!" అంటూనే ఉంది, ఆ పిల్ల బల్లల మధ్య రెండు చుట్లు తిప్పనే తిప్పింది. దారి ఇవ్వబోయి పొడుగాయన తలుపు చట్రానికి తల కొట్టుకున్నాడు.

శుక్రవారం పెద్దల ముందు సారే చెప్పారు. పెట్టేవాడిని గురించి ముప్ఫై ఏళ్ళు మాట్లాడాను, తీసేవాడిని చూడలేదు, ఈ అమ్మాయి చూసింది, పని ఇదే సాగుతుంది, అన్నారు. పిన్ని సంగతి కూడా తేల్చారు. తొట్టి మీద గోడకు ఒక కాగితం అంటించాలని, అది పిన్నే రాయాలని శిక్ష వేశారు. ఆవిడ ఒక పూటంతా కూర్చుని అక్షరం అక్షరం రాసింది: "డబ్బాలోది తప్ప ఇంకేదీ వాడకూడదు. ఎవరి మీద ఎంత ప్రేమ ఉన్నా సరే." రెండో వాక్యం సారు చెప్పింది కాదు.

ఆ మేడలో ఆ తర్వాత ఏ ట్యూబుకూ దారం కట్టలేదు. అన్నీ ఒకే తొట్టిలోకి వచ్చేవి.

ఇదర్రా సంగతి. గుర్తుంచుకోండి. మీ పిల్లలకి చెప్పేటప్పుడు కప్పలు మర్చిపోయినా పరవాలేదు, నిమిషాలు తప్పు చెప్పినా పరవాలేదు. పెట్టేవాడితో పాటు తీసేవాడినీ చెప్పండి. చూసిన పిల్లతో పాటు, మూడో వరస మీద వేలు పెట్టి "చేసింది నేను" అన్న ఆవిడనూ చెప్పండి. ఆవిడను వదిలేసి మాత్రం ఈ కథ ఎవరికీ చెప్పకండి.